వాటర్ పోలోకి ఏం కావాలి? బట్టలు కొనే ముందు ఇవి చూసుకోండి

నరసన్నపేట: వంశధారలోనో, ఊరి చెరువులోనో ఈత నేర్చుకున్న పిల్లాడు “వాటర్ పోలో ఆడతా” అంటే అమ్మీ, అబ్బాలకు రెండు అనుమానాలు వస్తాయి. ఖర్చెంత? బట్టలెలా ఉంటాయి? ఖర్చుకు పెద్దగా భయపడక్కర్లేదు. బట్టల సంగతే ముందుగా తేల్చుకోవాలి.

ఇది నీళ్లలో ఆడే హ్యాండ్‌బాల్ లాంటిది. జట్టుకు ఏడుగురు నీళ్లలో ఉంటారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఈ ఆటలో మన దేశం స్వర్ణం గెలిచింది.

బంతి 400 నుంచి 450 గ్రాములు ఉంటుంది. చుట్టుకొలత మగవాళ్లకు 68–71 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 65–67. తలకు నంబరున్న టోపీ, గడ్డం కింద తాళ్లతో కట్టుకోవాలి. చెవులకు దెబ్బ తగలకుండా దానికి ప్లాస్టిక్ కవచాలుంటాయి. గోల్‌కీపర్‌ది ఎర్ర టోపీ. బంతి, టోపీలు, గోల్ పోస్టులు మామూలుగా జట్టువే కాబట్టి ఇంటివాళ్లు కొనేది ముఖ్యంగా ఈత దుస్తులే. పళ్ల కోసం మౌత్‌గార్డ్ ఉంటే మంచిది.

దుస్తులు ఒంటికి బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే అవతలి ఆటగాడి చేతికి దొరికిపోతాయి. లోపలిది కనబడేంత పలచగా ఉండకూడదన్నది ఆట నియమమే. మ్యాచ్‌లో అబ్బాయిలు ఎక్కువగా పొట్టి ట్రంకు వేస్తారు. నాభి నుంచి మోకాళ్ల దాకా కప్పుకోవాలనుకునేవాళ్లు సాధనకు మోకాళ్ల దాకా వచ్చే ఈత నిక్కరు వేసుకోవచ్చు. అమ్మాయిలకు ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు కూడా దొరుకుతాయి. పోటీలో వాటిని ఒప్పుకుంటారా లేదా అన్నది కొనకముందే కోచ్‌ని, నిర్వాహకుల్ని అడగాలి. కొన్నాక అడిగితే డబ్బు వృథా, పిల్లల మనసూ చిన్నబోతుంది.

లుంగీ, పైజామా, కాటన్ సల్వార్‌తో మాత్రం దించొద్దు. తడిసి బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. పోటీల కొలను లోతు దాదాపు 2 మీటర్లు. గోల్‌కీపర్ తప్ప ఎవరూ అడుగున కాళ్లు మోపకూడదు. ఆటంతా కాళ్లాడిస్తూ తేలాల్సిందే.

దిగే ముందు గోళ్లు కత్తిరించాలి. ఉంగరం, గొలుసు, మెడలో తావీజు ఉంటే తీసేయాలి, పక్కవాడికి గీరుకుంటాయి. ఒంటికి నూనె రాయకూడదు.

అన్నిటికంటే ముందు, ఆగకుండా తేలడం వచ్చిందో లేదో కోచ్ దగ్గరుండి చూడాలి. అది రాకుండా సామాను కొన్నా లాభం లేదు.