రంగూన్ టాక్సీలో ఒక ఉదయం: డ్రైవర్లు, చక్కెర జబ్బు, మన భద్రత

నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ల మనిషిని. అయినా ఈ పూట చక్కెర జబ్బు గురించి మాట్లాడుతున్నానంటే దానికి కారణం ఒక టాక్సీ ప్రయాణం.

2018లో ఉద్యోగం పనిమీద కొన్ని నెలలు యాంగోన్‌లో ఉన్నాను. మన పెద్దవాళ్ళ నోట అది ఇప్పటికీ రంగూనే. ఒకరోజు పొద్దున్నే ఎక్కిన టాక్సీలో, నేను ఫోన్లో మాట్లాడే మాటలు విని డ్రైవరు తెలుగులో పలకరించాడు. యాభై దాటిన మనిషి. వాళ్ళ తాతగారిది శ్రీకాకుళం వైపట. కబుర్లలో ఉండగానే సూలే పగోడా దగ్గర తిరగాల్సిన మలుపు దాటిపోయాడు. ఇంకాస్త ముందుకెళ్ళాక ఎర్రదీపం పడినా బండి ఆగలేదు. చూస్తే ఏసీలో కూడా చొక్కా తడిసి ముద్దయింది. "బాబాయ్, బండి పక్కకి తియ్యండి" అని రెండుసార్లు అంటేగానీ ఆయనకి వినపడలేదు.

అక్కడే ఉన్న టీ దుకాణంలో డబ్బాపాలు పోసిన తియ్యటి టీ తాగించాను. పావుగంటకి తేరుకున్నాడు. "తెల్లారే మాత్ర వేసుకున్నాను బాబూ, తినడానికి కుదరలేదు. ఎవరికీ చెప్పకండి. ఓనరుకి తెలిస్తే రేపటినుంచి బండి ఇవ్వడు" అన్నాడు. ఆ చివరి మాటే నన్ను ఇన్నాళ్ళూ వదల్లేదు.

రంగూన్లో బండికీ తెలుగువాడికీ పాత చుట్టరికం ఉంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుంచి ఓడెక్కి వెళ్ళినందువల్ల మనవాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో రేవులో మూటలు మోసినవాళ్ళలోనూ, వీధుల్లో 'లాంచా' అనే చేతిరిక్షాలు లాగినవాళ్ళలోనూ ఎక్కువమంది వాళ్ళే. ఆ బతుకు సుఖమైనదేమీ కాదు. కానీ తాత బండి ముందు పరిగెత్తాడు, మనవడు స్టీరింగు ముందు రోజుకి పన్నెండు గంటలు కూర్చుంటున్నాడు. మధ్యలో తియ్యటి టీలు, వేళాపాళా లేని అన్నం, బుగ్గన తాంబూలం. 2014లో మయన్మార్‌లో జరిగిన దేశవ్యాప్త సర్వేలో 25 నుంచి 64 ఏళ్ళవాళ్ళలో నూటికి పదిమందికి పైగా మధుమేహం ఉన్నట్టు తేలింది.

కూర్చుని చేసే పని గురించి ఒక పాత పరిశోధన చెబుతాను. 1953లో జెరెమీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఆయన సహచరులు లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించారు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకన్నా, కూర్చుని నడిపే డ్రైవర్లకి గుండెజబ్బు ఎక్కువ. తరువాత యూనిఫారాల కొలతలు చూస్తే డ్రైవర్ల నడుము కొలతలూ పెద్దవే. దాంతో, కూర్చోవడమే కారణమా లేక ముందునుంచీ లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లయ్యారా అన్న ప్రశ్న కూడా వచ్చింది. రెండింటిలో ఏది నిజమైనా, స్టీరింగు ముందు ఉన్న మనిషికే ముప్పు ఎక్కువ.

నడుము చుట్టుకొలత, రక్తపోటు, ఉపవాసంతో చూసిన చక్కెర, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్. ఈ అయిదింటిలో మూడు గాడి తప్పితే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. మన దక్షిణాసియా మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితేనే లెక్కలోకి వస్తుంది.

ఇది ఎవరికైనా జబ్బే. డ్రైవరుకి వస్తే మాత్రం పక్కవాళ్ళకి కూడా ప్రమాదం. ఎలాగో చూద్దాం.

మొదటిది, చక్కెర పడిపోవడం. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తాయి. చక్కెర 70 మిల్లీగ్రాములకన్నా తగ్గితే చెమటలు, వణుకు వస్తాయి. ఇంకా తగ్గితే మెదడు తడబడుతుంది. "నేను బాగాలేను" అని గుర్తించాల్సిన మెదడే అప్పుడు సరిగా పనిచెయ్యదు. నా టాక్సీలో జరిగింది అదే.

రెండోది, గురక. లావు పెరిగి మెడ దళసరైతే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతుంది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. రాత్రంతా పడుకున్నా పగలు కునుకు పడుతుంది. 2013 డిసెంబరు 1న న్యూయార్క్‌లో మెట్రో నార్త్ రైలొకటి, 30 మైళ్ళ వేగంతో వెళ్ళాల్సిన మలుపులో 82 మైళ్ళతో వెళ్ళి పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. నడిపిన ఆయనకి అంతవరకూ ఎవరూ కనిపెట్టని స్లీప్ ఆప్నియా ఉన్నట్టు విచారణలో తేలింది.

మూడోది మెల్లగా వస్తుంది. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే చూపు మందగిస్తుంది, పాదాలు తిమ్మిరెక్కుతాయి. కాలికింద బ్రేకు ఎంత నొక్కామో తెలియదు. పైగా మయన్మార్‌లో 1970నుంచి రోడ్డుకి కుడిపక్క నడుపుతారు. నేను ఎక్కిన టాక్సీలు చాలావరకు జపాన్ పాత కార్లు, వాటి స్టీరింగూ కుడిపక్కే. ముందున్న బండిని దాటాలంటే ఎదురుగా వచ్చేది కనపడదు. అలాంటిచోట అరసెకను కూడా విలువైనదే.

మరి జబ్బున్నవాళ్ళని ఉద్యోగంలోంచి తీసేస్తే సరిపోతుందా? మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక అనుభవం ఉంది. తప్పు చెప్పినవాడిని శిక్షిస్తే తప్పులు తగ్గవు, చెప్పేవాళ్ళు తగ్గుతారు. డ్రైవర్ల విషయమూ అంతే. బండి పోతుందని భయపడే మనిషి పరీక్షే చేయించుకోడు.

కొన్ని దేశాలు వేరే దారి పట్టాయి. అమెరికాలో ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పెద్ద ట్రక్కులు నడపాలంటే ఒకప్పుడు ప్రత్యేక మినహాయింపు కావాల్సివచ్చేది. 2018లో ఆ నిబంధన మార్చారు. చక్కెర అదుపులో ఉందని వైద్యుడు లెక్కలు చూసి ధ్రువీకరిస్తే నడపవచ్చు. బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడేవాళ్ళు బయలుదేరే ముందు రెండు గంటలలోపు ఒకసారి, దారిలో రెండేసి గంటలకి ఒకసారి చక్కెర చూసుకోవాలి. 90 మిల్లీగ్రాములకన్నా తక్కువుంటే ముందు ఏదైనా తినాలి.

మన ఇళ్ళలోనూ ట్రక్కులు, టాక్సీలు నడిపేవాళ్ళున్నారు. వారాంతంలో ఆరేడు గంటలు కారు నడిపే నాన్నలూ, అమ్మలూ ఉన్నారు. చక్కెర తగ్గించే మందు వేసుకుని తినకుండా బయలుదేరకండి. బండిలో గ్లూకోజు బిళ్ళలు పెట్టుకోండి. తేడాగా అనిపిస్తే ఆపి, మూడు నాలుగు చెంచాల చక్కెరకి సరిపడా తియ్యటిది తీసుకుని, పావుగంటయ్యాక మళ్ళీ చూసుకోండి. మామూలు స్థాయికి వచ్చాక కూడా ముప్పావుగంట ఆగి నడపమని బ్రిటన్‌లో చెబుతారు. ఇంట్లో ఎవరైనా గట్టిగా గురకపెట్టి, పగలు తూగుతుంటే నవ్వి ఊరుకోకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఆ రోజు టాక్సీ దిగేముందు ఆయన చేతిలో ఒక బిస్కెట్ల పొట్లం పెట్టాను. ఓనరుకి నేను చెప్పలేదు. ఆయన తనంతట తాను, భయం లేకుండా చెప్పుకోగలిగితే బాగుండేదని మాత్రం ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.