పీడనం తెలియాలి, పొర నిలవాలి

విన్నిపెగ్‌లోని మనిటోబా విశ్వవిద్యాలయంలో మాల్కమ్ షింగ్ బృందం 2015లో ప్రచురించిన ఒక పరిశోధన చూయింగ్ గమ్‌తో మొదలైంది. బృందంలో ఒకరు మామూలు గమ్ ముక్కను అరగంట సేపు నమిలారు. దాన్ని ఇథనాల్‌తో కడిగి రాత్రంతా అలాగే ఉంచారు. తర్వాత కార్బన్ నానోట్యూబుల ద్రావణం చేర్చి, పరోటా మాస్టర్ పిండిని సాగదీసి మడిచినట్టు మళ్లీ మళ్లీ లాగి మడిచారు. లాగిన కొద్దీ ట్యూబులన్నీ ఒకే దిశకు తిరిగి వరసకట్టాయి. వేలు వంచినా, తల తిప్పినా, నెమ్మదిగా ఊపిరి పీల్చినా ఆ గమ్ విద్యుత్ నిరోధం మారి కదలికను పట్టించింది.

ఇందులో చూడాల్సిన అంకెలు రెండు. మొదటిది 200 శాతం. అంటే తన పొడవుకు మరో రెండింతలు సాగేదాకా, ఎంత సాగితే అంతకు తగ్గట్టే ఆ గమ్ జవాబిచ్చింది. 530 శాతం సాగినా పసిగట్టడం మానలేదు. రెండోది గేజ్ ఫ్యాక్టర్, 12 నుంచి 25. ఒక వస్తువు ఒక శాతం సాగితే దాని నిరోధం ఎన్ని శాతాలు మారుతుందో చెప్పే అంకె ఇది. వంతెనలకు, తూకం యంత్రాలకు అతికించే లోహపు రేకు గేజ్‌కి ఇది సుమారు 2 మాత్రమే. సిలికాన్‌కి 100 దాకా ఉంటుంది.

అంతమాత్రాన సిలికాన్‌దే పైచేయి అనలేం. మంచి సిలికాన్ సెన్సర్ పనిలో సాగేది శాతంలో ఇరవయ్యో వంతు. గమ్ సాగేది 200 శాతం. ఎంత చిన్న కదలికను పసిగట్టగలదన్నది ఒక ప్రశ్న, ఎంత పెద్ద కదలికకు తట్టుకుని నిలవగలదన్నది ఇంకో ప్రశ్న. చిన్న సెన్సర్లు చేసేవాళ్ల కష్టమంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

సిలికాన్ నలిగితే, సాగితే దాని నిరోధం బాగా మారుతుందని బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్ 1954లో ప్రకటించారు. నేటి సూక్ష్మ పీడన సెన్సర్లలో చాలావాటికి మూలం అదే. ఒక లెక్క చూద్దాం. అంచులన్నీ బిగించిన చదరపు సిలికాన్ పొర ఉందనుకోండి. భుజం 1 మిల్లీమీటరు, మందం 20 మైక్రాన్లు. దాని మీద వాతావరణమంత పీడనం, అంటే 0.1 మెగాపాస్కల్, పెడితే పొర నడుమ ఒక మైక్రాన్ కిందికి దిగుతుంది. అంచు మధ్యలో మాత్రం 77 మెగాపాస్కళ్ల ప్రతిబలం పుడుతుంది. పెట్టిన పీడనానికి 770 రెట్లు! నిరోధకాలను సరిగ్గా అక్కడే పొదుగుతారు.

సున్నితత్వం ఇంకా కావాలని మందాన్ని సగం చేశామనుకోండి. ప్రతిబలం 4 రెట్లై 308కి చేరుతుంది. కానీ పొర దిగడం 8 రెట్లై, దాదాపు 8 మైక్రాన్లు అవుతుంది. పొర మందమే 10 మైక్రాన్లు. అంతగా వంగిన పొర వంగడం మాని సాగడం మొదలుపెడుతుంది, పీడనానికీ జవాబుకీ ఉన్న తిన్నని లెక్క చెదురుతుంది. అంచు కూడా తెగడానికి అంతే దగ్గరవుతుంది. కర్ట్ పీటర్సన్ 1982 నాటి ప్రసిద్ధ వ్యాసంలో ఏకస్ఫటిక సిలికాన్ బలం 7 గిగాపాస్కళ్లని, అది ఉక్కును మించుతుందని చూపించారు. అది మచ్చలేని స్ఫటికం మాట. చెక్కినప్పుడు మిగిలే పదునైన మూల, కంటికి కనపడని గీత ఆ బలంలో చాలా భాగం తినేస్తాయి. సిలికాన్ ఉక్కులా వంకరపోయి మిగలదు. పూర్వస్థితికి వస్తుంది, లేదా పగులుతుంది.

పగలకుండా పొరను మందం చేస్తే సున్నితత్వం పోతుంది, అందుకే అది చేతగాని మందు అని నా అభిప్రాయం. మెరుగైన దారి, బలం ఎక్కడ పడాలో ముందే నిర్ణయించడం. పొర నడుమ ఒక దిమ్మె వదిలితే అక్కడ వంగదు, వంపంతా నిరోధకాలున్న చోటికే చేరుతుంది. పొర కింద కొన్ని మైక్రాన్ల దూరంలో ఒక అడ్డు పెడితే, హఠాత్తుగా పీడనం పెరిగినప్పుడు పొర దాని మీద ఆనుకుంటుంది, తెగదు. మామూలు కొలతలో ఆ అడ్డు తగలదు కాబట్టి సున్నితత్వం పోదు. విన్నిపెగ్ గమ్‌లోనూ పని జరిగింది ఇదే పద్ధతిలో: సాగే భారం గమ్‌ది, కబురు చెప్పే భారం నానోట్యూబులది.

గమ్‌కి ఒక బలహీనత ఉంది. గాలిలో తేమ మారినా దాని నిరోధం మారుతుంది. ఊపిరిలోని తేమను కూడా పట్టగలదని పరిశోధకులు దాన్ని అదనపు గుణంగా చూపించారు. కదలికను మాత్రమే కొలవాలనుకునేవాడికి మాత్రం అది తలనొప్పి. అడగనిదానికి కూడా జవాబిచ్చే సెన్సర్‌ని నమ్మడం కష్టం.

సిలికాన్‌కి ఆ తలనొప్పి చలితో వస్తుంది. విన్నిపెగ్‌లో మైనస్ 30 డిగ్రీలు వింత కాదు. విమానాశ్రయంలో 1966 ఫిబ్రవరిలో మైనస్ 45 నమోదైంది. వెచ్చటి గరాజ్‌లో 20 డిగ్రీల దగ్గర టైరులో గాలి 32 పీఎస్‌ఐ పెట్టి, మైనస్ 30లోకి బండి తీశారనుకోండి. బయటి వాతావరణపు 14.7 కలిపితే లోపలి అసలు పీడనం 46.7. చల్లబడ్డాక అది 38.7 అవుతుంది, గేజ్‌లో 24 కనిపిస్తుంది. సరిగ్గా పావు వంతు తగ్గింది. టైరు లోపలి పీడన సెన్సర్‌లో చల్లబడితే సిలికాన్ నిరోధకాల సున్నితత్వం డిగ్రీకి సుమారు 0.2 శాతం పెరుగుతుంది, 50 డిగ్రీలకు 10 శాతం. సరిదిద్దకపోతే ఆ 24 కాస్తా 28 దగ్గర కనిపించేది. అందుకే టైరు సెన్సర్‌లో పీడనంతోపాటు ఉష్ణోగ్రతనూ కొలిచి లెక్క సరిచేస్తారు. పైగా 100 కిలోమీటర్ల వేగంలో చక్రం రిమ్ము దగ్గరున్న ఆ సెన్సర్ మీద గురుత్వాకర్షణకు సుమారు 150 రెట్ల బలం పడుతుంది. 30 గ్రాముల వస్తువు నాలుగున్నర కిలోల బరువైనట్టు.

అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ టైరులో గాలి తగ్గితే దీపంతో హెచ్చరించే వ్యవస్థ తప్పనిసరి. నిర్దేశించిన పీడనం కన్నా 25 శాతం తగ్గితే దీపం వెలగాలన్నది అక్కడి నిబంధన. అంటే 32 ఉండాల్సిన టైరు 25కి పడిపోయినా దీపం వెలగకపోవచ్చు, అది సెన్సర్ లోపమూ కాదు. చలిదేశాల్లో బండి నడిపే మనవాళ్లు దీపం కోసం ఎదురుచూడొద్దు. నెలకోసారి, చలి ఒక్కసారిగా ముదిరినప్పుడు మరోసారి, బండి తీయకముందే బయట గేజ్ పెట్టి చూసుకోండి. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీది అంకెకు తగ్గకుండా గాలి పట్టించండి.