నౌకలు ఢీకొన్నాయా, ఎవరైనా ఢీకొట్టించారా?

పట్టపగలు రెండు నౌకలు ఢీకొంటే తీరంలో మొదట పుట్టేది అనుమానమే. విచారణ తీరిగ్గా వస్తుంది. 1917 డిసెంబర్ 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో అదే జరిగింది. ఫ్రెంచి నౌక మోంబ్లాన్ మొదటి ప్రపంచ యుద్ధానికి పేలుడు సామగ్రి మోసుకొస్తోంది, ఒక్క పిక్రిక్ ఆమ్లమే రెండు వేల టన్నుల పైమాట. నార్వే నౌక ఇమో ఖాళీగా బయటికి వెళ్తోంది, అదీ ఇరుకు దారిలో తనది కాని వైపున. మోంబ్లాన్ ఒక కూత వేసింది: ఇది నా దారి, తప్పుకో అని. ఇమో రెండు కూతలతో బదులిచ్చింది: నేను తప్పుకోను అని. చివరి క్షణంలో ఎంత తిప్పినా రెండూ తగిలాయి, నిప్పురవ్వలు లేచాయి.

దాదాపు 20 నిమిషాలు మోంబ్లాన్ మండింది. జనం కిటికీల దగ్గర నిలబడి వింత చూశారు. తొమ్మిది దాటగానే పేలింది. సుమారు 1,800 మంది చనిపోయారు. 9,000 మంది గాయపడ్డారు, గాజు పెంకులు గుచ్చుకుని చూపు పోయినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. అర టన్ను బరువున్న లంగరు కాడ నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరంలో పడింది.

ఇది జర్మన్ల పనేనని ఊరంతా నమ్మింది. ఊళ్లో ఉన్న జర్మన్లను పట్టుకెళ్లారు. గాయాలతో వైద్యానికి వచ్చిన ఇమో చుక్కానిదారును గూఢచారి అంటూ నిర్బంధించారు. అతని దగ్గర దొరికిన ‘జర్మన్ ఉత్తరం’ తీరా చూస్తే నార్వే భాషలో ఉంది!

మొదటి విచారణ తప్పంతా మోంబ్లాన్ మీదే వేసింది. దాని కెప్టెన్ని, దారి చూపే పైలట్‌ని, రేవు చూసే నౌకాదళ అధికారిని అరెస్టు చేశారు. ఎవరికీ శిక్ష పడలేదు. ఇమో కెప్టెన్, పైలట్ పేలుడులోనే పోయారు కాబట్టి వాళ్ల మాట వినే వీలే లేదు. ఆ తీర్పులో నాకైతే న్యాయం కంటే కోపమే ఎక్కువ కనిపిస్తుంది. 1920లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ రెండు నౌకలదీ సమాన తప్పే అని తేల్చింది.

తెలిసి తెలిసీ ఢీకొన్న సంగతి కూడా ఒకటుంది. 1893లో లెబనాన్‌ తీరంలోని ట్రిపోలీ దగ్గర బ్రిటిష్ అడ్మిరల్ ట్రయాన్, రెండు వరుసల్లో సాగుతున్న యుద్ధనౌకలను ఒకదానివైపు ఒకటి తిరగమన్నాడు. మధ్య ఎడం చాలదని కింది అధికారులకు తెలుసు. అయినా అడ్మిరల్ మాట! క్యాంపర్‌డౌన్ నౌక వచ్చి ట్రయాన్ ఉన్న విక్టోరియాను పొడిచింది. ట్రయాన్‌తో సహా 358 మంది మునిగిపోయారు. బతికి బయటపడ్డవాళ్లలో ఆ రోజు జ్వరంతో మంచం మీదున్న ఒక అధికారి కూడా ఉన్నాడు. ఆయనే తర్వాత జట్లాండ్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన జెల్లికో.

2017లో అమెరికా యుద్ధనౌకలు ఫిట్జ్‌జెరాల్డ్, మెక్‌కెయిన్ రెండు నెలల తేడాతో వాణిజ్య నౌకలను ఢీకొన్నాయి, మొత్తం 17 మంది నావికులు చనిపోయారు. ఇంకేముంది, హ్యాకర్లే అన్నారు. నౌకాదళం వెతికింది, ఆధారం దొరకలేదు. మెక్‌కెయిన్‌లో చుక్కాని అదుపు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు మారిన సంగతి గమనించక, చుక్కాని పనిచేయడం లేదని కంగారుపడ్డారు. ఆ తర్వాత వేగం నియంత్రణకు టచ్ స్క్రీన్లు తీసేసి పాతకాలపు పిడులే పెట్టాలని నిర్ణయించారు.

2024లో బాల్టిమోర్ వంతెనను కూల్చిన డాలీ నౌక మీదా కుట్ర కథలు అల్లారు. చివరికి దొరికిన దోషి సరిగా బిగించని ఒక తీగ.

కుట్ర లేకపోయినా ఢీ ముప్పును ముందే పసిగట్టే పద్ధతి ఒకటుంది: ఎదుటి నౌక దగ్గరవుతున్నా అది కనిపించే దిక్కు మారకపోతే ఢీకొనబోతున్నట్టే లెక్క. నావికులకు ఇది మొదటి పాఠం.

ఇక మన విశాఖ. 1971 డిసెంబర్ 3-4 అర్ధరాత్రి తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. ఇది ఢీ కాదు, కానీ వివాదం అదే. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల దెబ్బేనని మన నౌకాదళం అంటుంది. లోపలే పేలుడు జరిగిందనో, తన మందుపాతరే తగిలిందనో పాకిస్తాన్ వాదన. ఆర్కే బీచ్‌కు వెళ్తే కురుసుర జలాంతర్గామితోపాటు ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర కూడా కాసేపు ఆగండి, అది 1971 భారత్-పాక్ యుద్ధం గుర్తుగా కట్టిందే.