అప్‌డేట్ ఏసినంక ఆట ఆగమైతే: ఏది బగ్గు, ఏది కాదు?

కొత్త అప్‌డేట్ వచ్చిన రోజు ఆట ఆడే పోరగాండ్ల గ్రూపులల్ల ఒకటే లొల్లి. ఒకడు 'నా సైన్యం గోడ కాడ్నే నిలవడ్డది' అంటడు. ఇంకొకడు 'నా ఫోన్ల తెరుచుకుంటనే లేదు' అంటడు. మూడోటోడు 'మనం ఓడిపోవాలనే గిట్ల మార్చిన్రు' అని తేల్చేస్తడు. క్లాష్ ఆఫ్ క్లాన్స్ అసొంటి స్ట్రాటజీ ఆటలు ఆడేటోళ్లకు ఈ ముచ్చట్లు రోజువారీవే. ఇంట్ల పెద్దోళ్లకు మాత్రం పనిలేని పంచాయితి లెక్క కొడ్తది.

పనిలేని పంచాయితేం కాదు. పైసలు పెట్టి కొన్న వస్తువును, మన చేతుల ఉండంగనే, అమ్మినోడే మార్చే కాలం ఇది. ట్రాక్టర్ కొని పద్దెనిమిదేండ్లు నడిపినంక కంపెనీవోడు రాత్రికి రాత్రి వచ్చి గేర్‌బాక్స్ మార్చిపోతే ఊకుంటమా? సరిగ్గ గసొంటి పనే ఒక ఆటకు జరిగింది.

ఆ ఆట పేరు వార్‌క్రాఫ్ట్ 3. అమెరికా కంపెనీ బ్లిజార్డ్ 2002ల తీసింది. కంప్యూటర్ మీద ఆడేది. బంగారం తవ్వాలె, కట్టెలు కొట్టాలె, కోట కట్టాలె, సైన్యాన్ని తయారు జేసి అవతలోని మీదికి పోవాలె. దాంతోపాటు ఆటగాళ్లే సొంతంగ మ్యాపులు తయారు జేసుకునే సామాను కూడ ఇచ్చిన్రు. అండ్లకెల్లి పుట్టిందే డోటా. ఇయ్యాల అయిదుగురు అయిదుగురు రెండు జట్లుగ కొట్లాడే ఆటలల్ల చాల వాటికి దారి చూపెట్టింది ఆ మ్యాపే.

2018 నవంబర్ల కంపెనీ ఒక సభ పెట్టి, ఈ పాత ఆటకే కొత్త బొమ్మలేసి 'రీఫోర్జ్‌డ్' పేరుతోని తెస్తమన్నది. కథ నడిచే సీన్లు నాలుగు గంటలకు పైన కొత్తగ తీస్తున్నమని చెప్పి, ఒక సీను చూపెట్టింది కూడ. జనం ఫిదా అయిన్రు. ధర 30 డాలర్లు. 2020 జనవరి 28న ఆట వచ్చింది. చూస్తే ముందుగాల చూపెట్టినట్టు సీన్లు లేవు. ఆట మధ్యల కనెక్షన్ పోవుడు, గొంతులు, బొమ్మలు ఖరాబుండుడు సరే సరి. ర్యాంకుల పట్టిక లేదు, క్లాన్లు లేవు, టోర్నమెంట్లు లేవు.

ఇగ అసలు మంట ఎక్కడ లేసిందంటే, కొత్త ఆట కొననోళ్ల కాడ. పాత ఆటనే ఉంచుకుంటం, మాకు మీ కొత్త బొమ్మలు వద్దు అన్నోళ్లు కూడ నెట్ల ఆడాలంటే ఆ అప్‌డేట్ ఏసుకోవాల్సిందే. ఏసుకుంటే పాత బొమ్మల రంగులు కూడ మారిపోయినయ్, పాత ఆటలున్న క్లాన్లు, ర్యాంకులు కూడ పోయినయ్. డౌన్‌లోడ్ 30 జీబీ దాక. రోజుకు 1.5 జీబీ ప్యాకు ఏసుకునే మనసొంటోళ్లకు లెక్క గడితే 20 రోజుల డేటా, అది కూడ ఒక్క వాట్సాప్ మెసేజ్ చూడకుంట!

ఆటగాళ్లు ఊకోలే. ఆటలకు మార్కులేసే మెటాక్రిటిక్ సైటుల పదికి ఒకటి కూడ రాకుంట చేసిన్రు. వారం తిరగకముందే కంపెనీ దిగొచ్చి, కొన్నోళ్లకు అడిగితే పైసలు వాపస్ ఇస్తమన్నది. ఫిబ్రవరి మొదట్ల ఒక జవాబు కూడ రాసింది. ఆ జవాబును జర నిమ్మలంగ సదవాలె, ఎందుకంటే అండ్ల లొల్లి మొత్తాన్ని వాళ్లే మూడు కుప్పలు పెట్టిన్రు.

ఒక కుప్ప: పాత బొమ్మల రంగులు, గొంతుల తప్పులు, స్క్రీన్ మీద మనుషుల ముఖాలు సక్కగ కదలకపోవుడు. ఇవి బగ్గులు, ప్యాచ్ ఏసి సరిజేస్తమన్నరు. రెండో కుప్ప: ర్యాంకుల పట్టిక, క్లాన్లు. ఇవి తర్వాత ఇస్తమన్నరు. మూడో కుప్ప: టోర్నమెంట్లు. వాటిని వాడేటోళ్లు తక్కువున్నరు కాబట్టి ఇగ రావు అన్నరు.

మనం గ్రూపులల్ల మూడింటిని కలిపి 'బగ్గు' అనే అంటం. బగ్గు అంటే కోడ్ రాసినోడు అనుకున్నది ఒకటి, అది చేస్తున్నది ఇంకొకటి. దాన్ని చూపెడితే రాసినోడు కూడ అవునంటడు. పీకేసిన వస్తువు బగ్గు కాదు, అది కంపెనీ తీసుకున్న నిర్ణయం. దాన్ని బగ్ రిపోర్టుల రాస్తే చెత్తబుట్టకే పోతది. దానికి అడగాల్సింది రిపేరు కాదు, జవాబు. లేకపోతే పైసలు. రీఫోర్జ్‌డ్ ఆటగాళ్లకు ప్యాచ్ కన్న ముందు పైసలు వాపస్ వచ్చినయంటే, 'చూపెట్టింది ఒకటి, అమ్మింది ఒకటి' అని సూటిగ పట్టుకున్నందుకే అని నేననుకుంట.

మరి ర్యాంకులో? కంపెనీ ఇచ్చేసరికి రెండేండ్లు దాటింది. గన్ని దినాలు కూసోలేక ఆటగాళ్లే డబ్ల్యూ3ఛాంపియన్స్ అని సొంత ఏర్పాటు జేసుకున్నరు. సమానమైన జోడీ కలుపుడు, ర్యాంకులు లెక్కగట్టుడు అంత వాళ్లదే.

అట్లని ఆటగాళ్లు చెప్పేదంత నిజమే అనుకోవద్దు. మన గాంధీ తాత మీద ప్రపంచమంత నమ్మిన ఒక బగ్గు కథ ఉన్నది. సివిలైజేషన్ అనే స్ట్రాటజీ ఆట 1991ల వచ్చింది. అండ్ల మన దేశానికి నాయకుడు గాంధీ. కథేందంటే, గాంధీకి కోపం నంబర్ 1 పెట్టిన్రట. దేశం ప్రజాస్వామ్యంలకు మారంగనే అండ్లకెల్లి 2 తీసేస్తే సున్నకు కిందికి పోవాలె. కంప్యూటర్ల ఆ నంబర్ సున్న కిందికి పోలేక గుండ్రంగ తిరిగి 255 అయిందట. గంతే, గాంధీ అణుబాంబులు ఏసుడు మొదలుపెట్టిండట! స్కూటర్ మీటర్ 99999 దాటితే మళ్ల సున్నలకు వచ్చినట్టు, గిది ఉల్టా.

ఇసొంటి తప్పు కంప్యూటర్లల్ల నిజంగనే జరుగుతది, అందుకే కథ అతికింది. కానీ ఆట తయారు జేసిన సిడ్ మయర్ 2020ల రాసిన తన పుస్తకంల, గా బగ్గు అసలు లేనే లేదని తేల్చిండు. ఆటల భారతదేశం చదువు, సైన్స్ దిక్కు ఎక్కువ పోతది కాబట్టి అణుబాంబు జల్ది తయారైతది, బెదిరింపు మాట మాత్రం అందరు నాయకులకు ఒక్కటే. శాంతి దూత నోట్లకెల్లి అది వచ్చేసరికి జనానికి మతిల ఉండిపోయింది. 2010ల వచ్చిన సివిలైజేషన్ 5ల అయితే తయారు జేసినోళ్లే నవ్వులాటకు గాంధీ అణుబాంబు మోజుకు 10కి 12 మార్కులేసిన్రు. ఆ ఆట ఆడినోళ్లకు పాత కథ ఇంక గట్టిగ నమ్మబుద్ధైంది. ఏండ్లకేండ్లు పంచుకున్నోళ్లల్ల పాత ఆట కోడ్ తెరిచి చూసినోళ్లు ఎందరు?

మీ ఫోన్ల ఆటకు అప్‌డేట్ వచ్చి ఏమన్న తేడా గొడితే ముందుగాల ఒక పని జేయుండ్రి. అదే పని మళ్ల మళ్ల చేసి చూడుండ్రి. పదిసార్లల్ల ఎన్నిసార్లు అయితుందో లెక్క పెట్టుండ్రి. వేరే ఫోనున్న దోస్తును కూడ చేసి చూడమనుండ్రి. మీ ఒక్క ఫోన్లనే అయితే అది ర్యామ్ తక్కువై కావొచ్చు, నెట్ సిగ్నల్ కావొచ్చు. కంపెనీ కాడ టెస్ట్ జేసేటోళ్లు ఉంటరు గానీ మన దేశంల ఉన్నన్ని రకాల సస్తా ఫోన్లు వాళ్ల టేబుల్ మీద ఉండవు. అందుకే మన మాటకు విలువ.

తర్వాత ఆట సెట్టింగులల్లకు పోయి, సహాయం అనే కాడ రాయుండ్రి. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఆట వెర్షన్ నంబర్, ఏమేం నొక్కిన్రో వరుసగ, ఏం కావాలె, ఏం అయింది. స్క్రీన్ రికార్డింగ్ ఉంటే పెట్టుండ్రి, వీడియోకు భాషతోని పని లేదు. ఒక రిపోర్టుల ఒక్కటే బగ్గు. 'గేమ్ మొత్తం బకువాస్' అని రాస్తే కడుపు చల్లబడ్తది గానీ, అవతల చదివేటోనికి ఏ తలుపు కొట్టాల్నో తెల్వది.

ఒకటి జర పైలం. సరిజేసే పేరు మీద యాప్ 'డేటా క్లియర్' కొట్టకుండ్రి. గెస్ట్ అకౌంట్ తోని ఆడేటోళ్లకు ఏండ్ల కష్టం ఒక్క దెబ్బకు పోవచ్చు. క్యాష్ క్లియర్ చేస్తే చాలు. బగ్గు వల్ల జెమ్స్ ఊకనే వస్తున్నయని మురిసి వాడుకుంటే అకౌంట్ బ్యాన్ అయ్యే ముప్పున్నది, చాల కంపెనీల నిబంధనలు గట్లనే ఉంటయ్. 'బగ్ ఫిక్స్ ఏపీకే' అని గ్రూపుల తిరిగే లింకులు అసలే ముట్టకుండ్రి.

పైసలు పెట్టి కొన్నది పనిజేయకుంటే మాత్రం దినాలు గడవనియ్యకుండ్రి. గూగుల్ ప్లేల కొన్నదానికి వాపస్ అడిగే దారి మొదటి 48 గంటల్ల అల్కగుంటది. అటెన్క కంపెనీ చుట్టు తిరగాలె.