తన కథను తానే వ్రాసికొన్న నటీమణి

ఇంటిలో చక్కగా పాడు పిల్లను జూచి మురిసికొనని తల్లిదండ్రులుండరు. ఆ పిల్లయే పదుగురి యెదుట పాడెదనన్నచో వారి మురిపెము బెంగగా మారును. శ్రీమతి పాలువాయి భానుమతీ రామకృష్ణగారు తమ బాల్యమును, నటజీవితమును తలపోసికొని వ్రాసిన 'నాలో నేను' అను గ్రంథమును తలచినపుడెల్ల మాకీ విషయమే స్ఫురించుచుండును.

ఈమె 1925వ సంవత్సరమున ఒంగోలు ప్రాంతమందలి దొడ్డవరమున జన్మించిరి. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతప్రియులు. కుమార్తెకు తామే తొలి గురువులై పాట నేర్పిరి. 1939లో సి. పుల్లయ్యగారి 'వరవిక్రయము' చిత్రమున ఆ బాలిక కాళింది వేషము ధరించెను. కాళ్ళకూరి నారాయణరావుగారు వరకట్న దురాచారమును ఖండించుచు వ్రాసిన నాటకమే ఆ చిత్రమునకు మూలము. తన పెండ్లి కట్నమునకై తండ్రి యాస్తి నమ్ముకొనుట చూడలేక ప్రాణములు విడిచిన కన్నెపిల్ల కాళింది.

కుమార్తె నటించుటకు సమ్మతించినను, నాయకపాత్రధారి యామెను తాకరాదని తండ్రిగారు నియమము పెట్టిరి. నేటివారికి నవ్వు రావచ్చును. కాని నాడు నటీమణులను లోకమెంత చులకనగా చూచెడిదో యెరిగినవారు ఆ తండ్రి భయమును తప్పు పట్టజాలరు. అయినను ఆ నియమము ఎంత ప్రేమతో పెట్టినదైనను తండ్రి నిర్ణయమే గాని బిడ్డ నిర్ణయము కాదు.

బిడ్డ నిర్ణయము 1943లో వెలువడినది. 'కృష్ణప్రేమ' చిత్రమునకు సహాయదర్శకులుగా పనిచేయుచుండిన రామకృష్ణారావుగారిని భానుమతిగారు తామే వరించిరి. తండ్రికి ఇష్టము లేకున్నను ఆ యేటనే వివాహమాడిరి. కాళింది తన పెండ్లి విషయమున ప్రాణము విడుచుటకన్న వేరు దారి కానలేదు. ఆ వేషము కట్టిన పిల్ల నాలుగేండ్లకే తన పెండ్లిని తానే నిశ్చయించుకొనెను.

పెండ్లియైన పిమ్మట సినిమాలు మాని, ఇల్లు దిద్దుకొనవలెననియే వారి కోరిక. అంతలో బి.ఎన్. రెడ్డిగారి 'స్వర్గసీమ' పిలుపు వచ్చినది. వీధులలో ఆడిపాడు పిల్ల రంగస్థల తారయై, ఒక సంసారి మనస్సును చెదరగొట్టు పాత్ర అది. కాపురము కోరిన గృహిణికి, కాపురమును కలచివేయు స్త్రీ వేషమే 1945లో గొప్ప కీర్తిని తెచ్చిపెట్టుట చిత్రము గదా!

ఆ తరువాత దంపతులు మదరాసులో తమ కుమారుడు భరణి పేర చిత్రనిర్మాణ సంస్థను, స్టూడియోను స్థాపించిరి. 1949లో వచ్చిన 'లైలామజ్ను'కు భర్తగారు దర్శకులు. 1953లో 'చండీరాణి'ని భానుమతిగారే తెలుగు, తమిళము, హిందీ భాషలలో దర్శకత్వము వహించి తీసి, అందు రెండు పాత్రలు ధరించిరి. దర్శకుని యాసనమున స్త్రీ కూర్చుండుట మిక్కిలి అరుదైన దినములవి. ఇంత పనిలోను వారు గృహమును మరువలేదు. అత్తగారి పట్టుదలను, అమాయకత్వమును, ఆచారమును కోడలి కన్నులతో చూచి, నొప్పింపక నవ్వించుచు 'అత్తగారి కథలు' వ్రాసిరి. ఇల్లు వేరు, కళ వేరు అనువారికి ఈ పుస్తకమే సమాధానము.

2001లో పద్మభూషణ బిరుదమునంది, 2005 డిసెంబరు 24వ తేదీన వారు దివంగతులైరి. తెరపై నటీమణుల కథలను ఇతరులు వ్రాయుదురు. తమ కథను మాత్రము వారు తామే వ్రాసికొనిరి.

సోదరీమణులారా! పాడు పిల్లకు నియమము పెట్టవలసిన వయసొకటి యుండును. ఆ నియమమును సడలించి, 'నీకేమి కావలెనమ్మా?' అని యడుగవలసిన వయసును ఉండును. మొదటిదానిని మన మెవ్వరమును మరువము. రెండవదానిని సకాలమున గుర్తించు తల్లి యున్నచో, కూతురు తన మనసులోని మాట చెప్పుటకు ఇల్లు విడువవలసిన పని యుండదని మా నమ్మకము.