కారులోనే తిండి, కునుకు... సీసం జాగ్రత్త!

అమెరికాలో కొందరు షూటర్లు పడక, వంటగది ఉన్న వ్యాన్‌లోనే ఏడాదంతా ఉంటూ పోటీలకు తిరుగుతారు. కర్నూలు, కడపల నుంచి పిల్లల్ని హైదరాబాద్‌ పోటీలకు తీసుకెళ్లేవారికీ ఆ రెండ్రోజులు కారే ఇల్లు.

పెల్లెట్లు, తూటాలు ఎక్కువగా సీసంతో చేసినవే. ఆ పొడి చేతులకు, బట్టలకు, బూట్లకు అంటి కారులోకి వస్తుంది. అన్నం ముద్దతో కడుపులోకి పోతుంది. పైకి లక్షణాలేవీ లేకుండానే చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గర్భిణులకూ ముప్పే.

అందుకే సబ్బుతో చేతులు, ముఖం కడుక్కున్నాకే తినండి. శానిటైజర్‌తో సీసం పోదు. బట్టలు, బూట్లు సంచిలో కట్టి డిక్కీలో పెట్టండి, విడిగా ఉతకండి. సీట్లు తడిగుడ్డతో తుడవండి. తరచూ సాధన చేసేవారు డాక్టర్ని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి.

మన సీమ ఎండలకు తాగే నీళ్లు ఎలాగూ తీసుకెళ్తాం. చేతులు కడగడానికి మరో క్యాన్ పెట్టుకోండి.