కాలువయా? పొలిమేరయా?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల పటమును బడి గోడకు వ్రేలాడదీసిన ఉపాధ్యాయుడు దానిపై రెండు విధముల గీతలను చూపవలసియుండును. ఒకటి జనులు కె.సి. కెనాల్ అని పిలుచు కర్నూలు-కడప కాలువ. సుంకేసుల వద్ద తుంగభద్రను విడిచి వచ్చు ఆ నీటిలో చేయి పెట్టినచో తడియగును. రెండవది జిల్లా పొలిమేర. 2022లో ఈ రెండూళ్లును కర్నూలు జిల్లానుండి క్రొత్త నంద్యాల జిల్లాలోనికి వచ్చినవి. నేల మాత్రము అంగుళమైనను కదలలేదు. పటము మీద రెండును గీతలే!

భౌతికశాస్త్రమున క్వాంటం క్షేత్రమును గూర్చిన వాదము ఇట్టిదే. క్షేత్రమనగా ప్రతి తావునను ఏదో యొక విలువ కలిగియుండునది. ఎలక్ట్రాను చిన్న గోళీ వంటిది కాదనియు, లోకమంతట వ్యాపించిన క్షేత్రమున లేచిన అల వంటిదనియు ఈ సిద్ధాంతము చెప్పును. ఎలక్ట్రానులన్నియు ఒకే అచ్చున పోసినట్లుండుటకు కారణమిదియే. దీనిచే గణించిన ఎలక్ట్రాను అయస్కాంత బలము, ప్రయోగమున కొలిచిన విలువతో పది అంకెలకు మించి సరిపోవుచున్నది. ఇంతగా సరిపోవునది లేకపోవునా యని కొందరందురు. లెక్క కుదిరినంత మాత్రమున లెక్కలోని గుర్తులన్నియు వస్తువులగునా యని మరికొందరు ప్రశ్నింతురు.

ఈ రెండవ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యరు కుమారుడైన రామకృష్ణన్, 1962లో మద్రాసున గణితశాస్త్ర సంస్థను నెలకొల్పినవాడు, శిష్యులతో కలిసి ఫైన్‌మన్ చిత్రములపై కృషి చేసెను. ఆ చిత్రములలోని లోపలి గీతలు కణములు నడచిన బాటలు కావు, గణనలోని పదములు. వానిని ఎగురుచున్న బంతులవలె బొమ్మ గీయుట పాఠ్యగ్రంథముల తొందరపాటు.

అయినను పొలిమేర యనుకొన్నది ఒక్కొక్కప్పుడు తడిగా తగులును. విద్యుత్ పొటెన్షియలునకు సున్న ఎక్కడ పెట్టవలెనన్నది మన యిష్టము. తేడాయే ముఖ్యము గనుకనే కరెంటు తీగపై వ్రాలిన కాకికి ఏమియు కాదు. దాని తోబుట్టువైన అయస్కాంత పొటెన్షియలును కూడ పండితులు చిరకాలము లెక్కకొరకైన ఉపాయముగనే తలచిరి. 1959లో అహరొనోవ్, బోమ్ అను వారు, అయస్కాంత క్షేత్రము బొత్తిగా లేని తావున పోవు ఎలక్ట్రాను సైతము ఆ పొటెన్షియలు వలన ప్రభావితమగునని చూపిరి. 1986లో జపానున తొనొమురా బృందము అతివాహకపు పూతతో అయస్కాంత క్షేత్రమును మిక్కిలి చిన్న ఉంగరములో బంధించి, ఎలక్ట్రాను అలలను కొంత ఉంగరము నడుమగను, కొంత వెలుపలగను పోనిచ్చెను. అలల చారలు ప్రక్కకు జరిగినవి.

చిత్రమేమనగా, ఆ పొటెన్షియలునకు ఒక్కొక్క తావున గల విలువ నేటికిని మన యిష్టమే. ఉంగరపు వలయమును చుట్టి వచ్చినపుడు తేలు మొత్తము మాత్రము ఎవ్వరెట్లు గణించినను మారదు. క్వాంటం క్షేత్రమున అట్లు మారక నిలుచునది ఏది యన్న దానిపైననే వాదము సాగుచున్నది.